కుక్క కాలికి చొక్కా చెయ్యి

ఊళ్లో కుక్కలన్నిటికీ మా వదిన చొక్కాలు కుట్టింది. సరే, అన్నిటికీ కాదు, ఒకదానికి. చొక్కా కూడా కాదు, ఒక చెయ్యి. కానీ బొత్తాములు మాత్రం పెట్టింది, అందులో నేను తగ్గను.

వదినది దర్జీ పని. ముందు గదిలో రెండు మిషన్లు, వెనక గదిలో మా అన్నయ్య ఇస్త్రీ బల్ల. ఒకనాడు ఓ లారీ డ్రైవరు కుక్కను ఎత్తుకొచ్చాడు. అతని బండి తగిలే దాని కాలు చీరుకుపోయింది. డాక్టరు వేసిన కుట్లను అది నాకి నాకి ఊడదీసుకుంటోంది.

"అక్కా, దీని కాలికేదన్నా తొడుగు కుట్టిపెట్టు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తా."

వదిన కొట్టులో ఒక పద్ధతి ఉంది. గుడ్డలోంచి చిన్న పీలిక కత్తిరించి సగం మనిషికిస్తుంది, సగం బట్టకు కడుతుంది. ఆ సగం తెస్తేనే బట్ట చేతికొస్తుంది. అలవాటు కొద్దీ డ్రైవరుకూ ఒక ముక్క ఇచ్చి, రెండోది కుక్క మెడకు కట్టింది.

ఆ సాయంత్రం ఇంకా రాలేదు.

ఎదురింటి టీచరమ్మ కుక్కను పెంచుకుంటానంది.

"పీలిక తెచ్చారా?" అంది వదిన.

"నాకెక్కడిదండీ?"

"మరెలా ఇస్తాను? రేపతనొస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

దాంతో టైలరమ్మ దగ్గర పెడితే భద్రమని పేరు పడింది. కుంటి మేక, గుడ్డి పిల్లి, తల్లిలేని కుక్కపిల్లలు వచ్చి చేరాయి. తెచ్చినవాళ్లంతా పీలిక జేబులో వేసుకుని "ఇప్పుడే వస్తా" అన్నవాళ్లే. ఇస్త్రీ బల్ల మీద పిల్లి పడుకుంటే అన్నయ్య, "దీన్నీ మడతపెట్టి ఇచ్చెయ్యనా?" అనేవాడు.

చివరికి కొట్టు యజమాని వచ్చాడు. "ఇస్త్రీకిచ్చిన నా కోటు నిండా మేక వెంట్రుకలేనమ్మా! నెలాఖరుకి జంతువులన్నా పోవాలి, మిషన్లన్నా పోవాలి."

మిషన్లు పోతే పొయ్యిలో పిల్లి లేవదు. జంతువులు పోతే ఇచ్చిన మాట పోతుంది. ఒకరోజు వదిన కుడుతున్నదల్లా ఆగి అడిగింది.

"ఏమండీ, వీళ్లంతా మరిచిపోయారంటారా, వదిలేశారంటారా?"

అన్నయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. "మరిచిపోయినవాడు మన వీధిలోనే తిరుగుతాడే. వీళ్లు చుట్టు తిరిగి పక్క సందులోంచి పోతున్నారు."

వదిన కత్తెర తీసుకుని మెడల్లోని పీలికలన్నీ కత్తిరించేసింది. ఒకరి సొమ్ము ఇంకొకరి చేతిలో పెట్టడం ఆమెకదే మొదలు. కుక్కను టీచరమ్మకే ఇచ్చింది. అయితే ముందు టేపు పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, అది పడుకునే చోటు కొలిచింది. "ఇరుకు. బీరువా జరపండి," అంది. టీచరమ్మ జరిపింది. మిగతావాటికీ అలాగే కొలిచి ఇళ్లు చూసింది.

ఊరి చివర పాత గోదాములో నడుస్తున్న జంతు సంరక్షణ సంఘం అలా పుట్టింది. ఇప్పటికీ ఏ ఇంటికి జంతువు వెళ్లాలన్నా ముందు టేపు వెళ్తుంది. తెచ్చి వదిలేసేవాళ్లను మాత్రం అక్కడెవరూ పల్లెత్తు మాటనరు. తిడితే ఈసారి రోడ్డు మీదే వదిలేస్తారని వదిన భయం.

ఇదంతా రాసి వదినకు చదివి వినిపించాను. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"అంతా అబద్ధం. ఒకరు నమ్మి ఇచ్చింది ఇంకొకరికి నేనెప్పుడూ ఇవ్వలేదు. అసలా కుక్కే లేదు."