పెద్దమనిషా, వాగుడుకాయా?

బ్రేకు టీచర్ పక్కన బస్సులో కూర్చోవడం అంత తేలికైన పని కాదు. ముందున్న లారీ కాస్త నెమ్మదించిందంటే చాలు, ఆవిడ కుడికాలు టక్కున నేలను తొక్కుతుంది. ఆ కాలి కింద పక్కవాళ్ల సంచులూ చెప్పులూ నలిగాయి, ఒకటి రెండుసార్లు వేళ్లు కూడా. "అలవాటండీ, ఏమనుకోకండి" అని నవ్వేస్తుంది. అసలు పేరు ఉంది గానీ మా వీధిలో ఎవరికీ నోటికి రాదు.

ఆవిడ వృత్తి కారు నేర్పడం. నెత్తిన పసుపు బోర్డు పెట్టుకున్న చిన్న పాత కారు, అందులో ఆవిడ కూర్చునే పక్క సీటు దగ్గర కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు. మొదటి రోజు ఎవరినీ బండి కదపనివ్వదు. అద్దాలు సర్దుకోమంటుంది. ఆ తర్వాత, "ఇప్పుడు చెప్పు, ఇవాళ ఎవరి మీద కోపంగా ఉన్నావు?" అని అడుగుతుంది. కోపంగా ఉన్నవాళ్లు క్లచ్చు ఒక్కసారిగా వదిలేస్తారని ఆవిడ అనుభవం. నన్నూ అలాగే అడిగింది. చెప్పడానికే ఆ రోజు పాఠం టైమంతా అయిపోయింది.

పళ్ల డాక్టరు ఒకాయన హారన్ వినపడితే కళ్లు మూసేసుకునేవాడట. "మీ కుర్చీలో మేం మూసుకుంటాం డాక్టరుగారూ, నా కుర్చీలో మీరు మూసుకోకూడదు" అందట ఆవిడ. గొంతు మాత్రం ఎప్పుడూ పెంచదు. ఆవిడ కాలు తొక్కుతుంది, బండి ఆగుతుంది. ఆగాక తీరిగ్గా, "ఏం జరిగిందో నువ్వే చెప్పు" అంటుంది. ఇతర చోట్ల తిట్లు తిని వచ్చినవాళ్లంతా చివరికి ఆవిడ దగ్గరే తేలేది అందుకే.

అలా తేలినవాళ్లలో ఆవిడ వదిన కూడా ఉంది. ఇప్పుడు చెప్పబోయేది వాళ్లిద్దరి సంగతి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు దిద్దుతూ చెప్పారు కాబట్టి తప్పులుంటే సగం సగం పంచుకోవాలి.

అన్నావదినలు ఉండేది పై వాటాలో, టీచర్ కింద వాటాలో. వదిన రక్త పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పెళ్లి కాకముందు నుంచీ అక్కడే. అన్నయ్య నీటి సరఫరా పంపుల దగ్గర. ఇన్నేళ్లూ ఆయన బైకు మీద ఆవిడని దింపి తన పనికి వెళ్లేవాడు. ఇప్పుడు ఆ ల్యాబు ఊరి చివరికి మారింది. తెల్లవారకముందే ఆసుపత్రుల నుంచి నమూనాలు వస్తాయి. ఆ వేళకి ఊళ్లో బస్సులు ఇంకా నిద్ర లేవవు. అన్నయ్య పంపులు ఉన్నది సరిగ్గా అవతలి చివర, తిప్పాల్సిన వేళా అదే. పైగా కొత్త చోట నమూనాల విభాగం మొత్తం వదినకే అప్పగిస్తామన్నారు. ఎంతో కాలంగా ఆవిడ ఎదురు చూస్తున్న మాట అది. వస్తుందో రాదో శనివారం లోగా చెప్పమని కూడా అడిగారు.

"కారు కొందాం, నువ్వే నడుపుకుంటూ వెళ్లు" అన్నాడు అన్నయ్య.

లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. ఆడబిడ్డ పక్కన ఉంటే వదిన బండిని నీళ్లు తొణక్కుండా తీసుకెళ్తుంది. ఒంటరిగా మాత్రం ఒక్కసారీ నడపలేదు. దానికి ఆవిడ చెప్పే కారణం, సొంత బండి లేకపోవడం. కాబట్టి కారు వస్తే భయం పోతుందని ఇంట్లో అందరూ నమ్మారు, లేదా నమ్మినట్టు ఉన్నారు.

కారంటే ఏ కారు? గుంతల రోడ్డు కాబట్టి కాస్త ఎత్తుగా ఉండాలి, మా సందు కాబట్టి చిన్నదిగా ఉండాలి. అలా వడపోసి, ఎస్‌యూవీ రూపంలో ఉన్న రెండు చిన్న బండ్ల దగ్గర ఆగారు. వాటి షోరూములు కూడా ఒకే రోడ్డు మీద, ఎదురుబొదురుగా ఉన్నాయి. అన్నయ్య ఫోనులో వీడియోలు చూసి చూసి ఇంట్లో ఉప్పు అందించమన్నా మైలేజీ చెప్పే స్థితికి వచ్చాడు. టీచర్ ఒక్కతే వెళ్లి రెండింట్లో కూర్చుని వచ్చింది. కళ్లు మూసుకుని వైపరు, లైట్లు, హారన్ చేతికి తగులుతున్నాయా అని తడిమింది. ముందు అద్దానికి పక్కనుండే స్తంభం ఎంత రోడ్డుని దాచేస్తోందో చూసింది. వచ్చి తీర్పు చెప్పింది.

"మొదటిది పెద్దమనిషి అన్నయ్యా. క్లచ్చు వెన్నలా దిగుతుంది, చప్పుడు లేదు, అద్దాలు పెద్దవి. రెండోది వట్టి వాగుడుకాయ. పక్కకి జరిగితే కూస్తుంది, వెనక్కి వెళ్తే కూస్తుంది, ముందు ఏదైనా ఉంటే కూస్తుంది. మన వదిన గుండె దానికి ఆగదు."

"నా గుండె సంగతి నన్నడగరా ఎవరూ?" అంది వదిన కూరగాయలు తరుగుతూ.

"అడిగితే ఏమంటావు?"

"ఏమో, అడగలేదుగా ఇంకా."

శుక్రవారం ముగ్గురూ బయల్దేరారు. పెద్దమనిషి షోరూములో అమ్మాయి ఎంతో మర్యాదగా తాళాలిచ్చింది. వదిన స్టీరింగు దగ్గర, పక్కన టీచర్, వెనక అన్నయ్యా ఆ అమ్మాయీ. వెనక వీధిలో రెండు చుట్లు తిరిగారు. బండి నిజంగానే చప్పుడు చేయకుండా నడిచింది. గేర్లు చక్కగా పడ్డాయి. అన్నయ్య డిక్కీలో ఎన్ని సంచులు పడతాయో లెక్క చెబుతున్నాడు. తిరిగి షోరూము గేటులోకి మళ్లారు. ఎదురుగా వరసగా పూలకుండీలు.

టీచర్ కాలు నేలను తొక్కింది. మెత్తగా, ఎప్పటిలాగే, ఒక్క క్షణం ముందు. కాలి కింద కొత్త బండి పట్టా తప్ప బ్రేకేమీ లేదు. వదిన నిబ్బరంగా కుండీల వైపే పోనిచ్చింది. ఆవిడ కాలు బ్రేకు దగ్గరికే వెళ్లలేదు.

"ఏయ్, ఏయ్, ఏయ్!" అన్నాడు అన్నయ్య.

టీచర్ హ్యాండ్ బ్రేకు లాగింది. బండి గక్కున ఆగింది. ఒక కుండీ మాత్రం వంగి, కాసేపు ఆలోచించి, పడింది.

"పర్వాలేదు మేడమ్, ఆ కుండీ అంతే. వారానికోసారి పడుతుంది" అంది షోరూము అమ్మాయి. పట్టుకున్న ముందు సీటు మాత్రం వదల్లేదు.

వదిన రెండు చేతులూ స్టీరింగు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు వేస్తావనుకున్నాను" అంది ఆడబిడ్డతో.

టీచర్ చెయ్యి ఇంకా హ్యాండ్ బ్రేకు మీదే ఉంది. ఏడాది పైగా పాఠాలు. మలుపుల దగ్గర, సిగ్నళ్ల దగ్గర, పిల్లలు అడ్డొచ్చిన చోట వదిన ఎంత బాగా ఆపుతోందని ఎన్నోసార్లు మెచ్చుకుంది. అందులో వదిన ఆపినవెన్ని, తను ఆపినవెన్ని? ఆవిడకే తెలియలేదు. ఎవరినీ నొప్పించకుండా, వాళ్లకి తెలియకుండా, ఒక్క క్షణం ముందు తొక్కడమే తన గొప్ప అనుకుంది ఇన్నాళ్లూ. ఆ రోజు తర్వాత నుంచి చివరి పాఠాలకి ఆవిడ వెనక సీట్లో కూర్చుంటోంది. శిష్యులు మొదట గోల పెడతారు, తర్వాత దారిన పడతారు. అయితే ఆ శుక్రవారం అంత దూరం ఆలోచించే తీరిక లేదు.

"రేపు ల్యాబుకి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను" అంది వదిన కిందికి దిగి. ఏడవలేదు. బజారులో దొరకని సామాను గురించి చెప్పినట్టు చెప్పింది.

"ఛ, ఒక కుండీకేనా?" అన్నాడు అన్నయ్య.

"ఇవాళ కుండీ అండీ. రేపు?"

ఎదుటి షోరూములో టైము తీసుకున్నారు కాబట్టి, చెప్పకుండా మానేస్తే బాగుండదని రోడ్డు దాటారు. వదిన వెనక సీట్లో మూలకి ఒదిగి కూర్చుంది, పక్కన టీచర్. అన్నయ్య నడిపాడు. ఆయన పక్కన నడివయసు సేల్స్‌మన్, ఎండకి బాగా నలిగిన చొక్కా.

వాగుడుకాయ ఊరుకోలేదు. అన్నయ్య గీత దాటాడు, కూసింది. "చూశాన్లేవే" అన్నాడు. ముందు ఆటో దగ్గరపడింది, కూసింది. "నాకు తెలుసు, నువ్వు నోర్ముయ్" అన్నాడు. వెనక్కి తీస్తుంటే గోడ ఉందని చెప్పింది. "ఆ గోడ నాకు కనబడుతోంది, నీకేనా కళ్లు?" అని దానితో వాదన పెట్టుకున్నాడు.

వెనక సీట్లోంచి చిన్న నవ్వు వినిపించింది. వదినది.

"అది ఏమంటోంది ఇప్పుడు?" అని సేల్స్‌మన్‌ని అడిగింది.

"వెనక గోడ దగ్గరైంది అంటోంది మేడమ్."

"ఇందాకటి కూత పొట్టిగా ఉంది. ఇది గబగబా వస్తోంది."

"అవును మేడమ్. ఎంత దగ్గరైతే అంత గబగబా. పక్క గీత దాటితే వేరే కూత."

"విసుక్కుంటుందా?"

సేల్స్‌మన్‌ని ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. కాస్త ఆలోచించాడు. "లేదు మేడమ్. నూరుసార్లు తప్పు చేసినా అదే గొంతు."

వదిన ముందుకి జరిగి రెండు సీట్ల మధ్యలోంచి తల పెట్టింది. "మా ల్యాబులో పొద్దున్నుంచీ ఇదే గోల. రక్తం గిరగిరా తిప్పే మిషను పని అయిపోతే పొడుగ్గా ఒక కూత. ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే మూడు పొట్టివి. వేడి ఎక్కువైతే ఇంకోటి. కొత్తగా వచ్చిన పిల్లలు చెవులు మూసుకుంటారు. నేను అవతలి గదిలో ఉండి కూడా ఏ మిషను దగ్గరికి పరిగెత్తాలో చెప్పేస్తా." అలా చెబుతూ చెబుతూ ఆగింది. "ఏమండీ, బండి పక్కకి తీయండి."

అన్నయ్య తీశాడు.

"దిగండి. అమ్మాయ్, నువ్వు కూడా దిగు."

"నేనెందుకు వదినా?" అంది టీచర్.

"నువ్వు పక్కనుంటే నా కాలు పనిచేయదు."

ఆవిడ అన్నది నిజమని అందరికంటే ముందు తెలిసింది టీచర్‌కే. దిగింది. కానీ తలుపు పట్టుకుని వదల్లేదు. "వదినా, అది చెబుతుంది అంతే. తొక్కేది నువ్వే."

"అదేగా నాకు కావాల్సింది."

వదిన ముందు సీట్లోకి మారి, సీటు తనకి సరిపడా ముందుకి జరుపుకుంది. సేల్స్‌మన్ వైపు తిరిగింది. "మీకొక మాట ముందే చెప్పాలి. ఇందాక ఎదుటి షోరూములో పూలకుండీ పడేశాను."

"ఎదుటి వాళ్లదేగా మేడమ్" అన్నాడాయన సీటుబెల్టు ఇంకాస్త బిగించుకుంటూ.

బండి వెళ్లిపోయింది. అన్నాచెల్లెళ్లు నడుచుకుంటూ షోరూముకి వచ్చారు. లోపల చల్లగా ఉంది, ఎవరో కాగితపు కప్పుల్లో నీళ్లిచ్చారు. అన్నయ్య సోఫాలో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"ఎలా దిగావే నువ్వు? నువ్వు టీచర్‌వి!"

"టీచర్‌ని కాబట్టే దిగాను అన్నయ్యా."

"ఫోన్ చేయనా?"

"చేస్తే నడుపుతూ ఎత్తుతుంది. చంపుతాను నిన్ను."

చుట్టు తిరిగి రావడానికి పట్టే టైము ఎప్పుడో దాటిపోయింది. టీచర్ గాజు గోడ దగ్గర నిలబడి రోడ్డు మీద వచ్చే ప్రతి బండినీ చూసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆవిడ ఒక శిష్యురాలిని బయట నిలబడి చూడటం అదే మొదలు. బయటి నుంచి చూస్తే కార్లన్నీ ఎంత తొందరగా పోతున్నట్టు ఉంటాయో ఆవిడ ఎప్పుడూ గమనించలేదట.

చివరికి వచ్చింది. గేటు దగ్గర నెమ్మదించింది, కుడివైపు అద్దం చూసుకుంది, లోపలికి వచ్చి గీతల మధ్యన ఆగింది. కాస్త వంకరగా. వదిన దిగింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, కొంగు చెమటకి తడిసింది.

"ఎక్కడికి పోయావు?" అన్నాడు అన్నయ్య.

"ల్యాబు దాకా."

"ల్యాబా! అంత దూరమా?"

"చౌరస్తాలో రెండుసార్లు ఆగిపోయింది. వెనకవాళ్లు హారన్లు మోగించేశారు. ఒకడైతే ఏదో అన్నాడు కూడా. మళ్లీ స్టార్టు చేశాను, వచ్చేశాను."

"ఏడ్చావా?" అంది టీచర్.

"కొంచెం. రెండోసారి ఆగినప్పుడు. ఎర్రలైటు పడింది కాబట్టి టైము దొరికింది."

సేల్స్‌మన్ చొక్కా ఇంకొంచెం నలిగింది గానీ మొహం తేటగానే ఉంది. "ఒక కుక్క అడ్డొస్తే బండి కూయకముందే మేడమ్ ఆపేశారు" అన్నాడు. తన సొంత బిడ్డ గురించి చెప్పినట్టు చెప్పాడు.

అన్నయ్య మళ్లీ వీడియోల మనిషి అయిపోయాడు. దీని డిక్కీ చిన్నది, మైలేజీ తక్కువ, వెనక సీట్లో మోకాళ్లు తగులుతాయి. ఇవన్నీ నిజమే. టీచర్ అన్నీ విని తలూపింది.

"నన్నడిగితే ఇప్పటికీ పెద్దమనిషే మంచి బండి. నేను కొనుక్కుంటే అదే కొంటాను" అంది. "మనం మాత్రం దీన్నే తీసుకుందాం."

"వెనక మోకాళ్లు తగులుతాయంటున్నాను కదా!"

"వెనక ఎవరు కూర్చుంటారు అన్నయ్యా? నువ్వేగా."

వాళ్లిద్దరూ ఇంకా వాదించుకుంటూ ఉండగానే వదిన కాస్త దూరం జరిగి ఫోను తీసింది. శనివారం దాకా ఆగలేదు. ల్యాబు పెద్దాయనతో మాట్లాడుతోందని అన్నాచెల్లెళ్లకి గొంతు మార్పుని బట్టే తెలిసిపోయింది. వాదన అక్కడే వదిలేసి ఇద్దరూ చెవులు రిక్కించారు.

"ఆ, వస్తున్నానండీ సార్. విభాగం తీసుకుంటాను. లేదండీ, ఎవరూ దింపక్కర్లేదు." అవతలి మాట విని తలూపింది. "ఇంకొక్క విషయం సార్, ఇందాక గేటు దాకా వచ్చి చూసి వెళ్లాను. నాకు పార్కింగు ఆ మూల స్తంభం పక్కన ఇవ్వకండి. కాస్త విశాలంగా ఉన్నచోట ఇవ్వండి, కొత్తగా నడుపుతున్నాను."