ముందు ప్రకటించినవాడిదే అనుకున్నాను

ఇవాళ పొద్దున్నే పూతరేకులు పట్టుకుని మా అమ్మాయి పనిచేసే యూనివర్సిటీకి వెళ్లానండీ. సంతోషం పట్టలేకపోయాను మరి! సినిమా సెట్ల ప్లైవుడ్డుకి మంట అంటుకోనివ్వని పూత కనిపెట్టింది మా సరళ. ఏడో తరగతితో బడి మానేసి, ఫిల్మ్‌నగర్‌లో సెట్లు వేయిస్తూ బతికిన నాకు ఇంతకంటే ఏం కావాలి చెప్పండి! దానికి పేటెంటు వస్తే ఆమె అనుమతి లేకుండా ఇంకెవరూ తయారుచేయకూడదట.

మా ఫీల్డులో సినిమా టైటిల్ ముందు పేపర్లో వేయించినవాడిదే. పేటెంటూ అంతేననుకుని, పిల్ల నాకు చెప్పిన మందులూ, కలిపే పద్ధతీ అన్నీ ఒక సినిమా పత్రికలో ఫోటోతో సహా వేయించాను. నిన్ననే వచ్చింది.

ఆ పేజీ చూడగానే యూనివర్సిటీ లాయరుగారు తింటున్న పూతరేకు పక్కన పెట్టేశారు. "దరఖాస్తు పెట్టకముందే లోకానికంతా చెప్పేశారు కదండీ. ఇక పేటెంటు రాదు," అన్నారు.

"ఒక్క మాట నన్నడగొచ్చుగా నాన్నా," అంది సరళ.

"నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నానమ్మా."

"నా ఇన్నేళ్ల పని నాన్నా అది," అని ల్యాబులోకి వెళ్లిపోయింది.

సాయంత్రం జూబ్లీహిల్స్ నుంచి మా పాత ఆర్ట్ డైరెక్టరు ఫోన్ చేశాడు. "బాబాయ్, పత్రిక చూసి మేమే కలిపేసుకున్నాం. అద్భుతంగా పనిచేస్తోంది! సరళకి నా థాంక్స్ చెప్పు."

సరళ ఇంటికొచ్చి పక్కగదిలోనే ఉంది, తలుపేసుకుని. మీరైతే ఈ థాంక్స్ ఎలా చెప్తారండీ?