పళ్ళెంలో పెట్టిన మట్టి

మా అక్క ఫోన్ చేస్తే మామూలుగా ఆవకాయ గురించో మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడుతుంది. ఈసారి ఎత్తగానే, "మీ బావ చేను తవ్వించి రొయ్యల చెరువు చేసేస్తానంటున్నాడే. సోమవారం పొక్లెయిన్ వస్తుందట. రెండు దాళ్వా పంటలు వరసగా పసుపెక్కిపోయాయని, మట్టి చచ్చిపోయిందని ఒకటే గోల. నువ్వేదో మట్టి పరీక్ష పెట్టె తయారుచేశావు కదా, పట్టుకుని రా" అంది. ఒకసారి తవ్వి ఉప్పునీళ్ళు పెట్టారంటే అది మళ్ళీ చేను కాదు. ఆ చేలో పండిన బియ్యం ఏటా ఒక బస్తా మా ఇంటికీ వస్తుంది. కాబట్టి నేనేదో లోకకల్యాణానికి బయలుదేరానని అనుకోకండి.

నేను రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. పెట్టె అన్నాను గానీ అది ఖాళీ అయిన కాజాల డబ్బా. అందులో చుక్కల మందు సీసాలు, బ్యాటరీ షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్, ఒక రంగుల అట్ట, నీళ్ళలో ఉప్పెంతుందో చూపించే పెన్ను ఉంటాయి. అన్నీ కలిపితే ఒక మంచి వాయిల్ చీర ఖరీదు. మట్టి కలిపి వడకట్టిన నీళ్ళలో చుక్కలు వేస్తే నత్రజనికి గులాబీ రంగు వస్తుంది, భాస్వరానికి నీలం, పొటాష్‌కి మబ్బు పట్టినట్టు తెల్లదనం. రంగు ముదిరినకొద్దీ ఆ పోషకం ఎక్కువ ఉన్నట్టు లెక్క. పెద్ద ల్యాబు రిపోర్టంత నిక్కచ్చిగా ఉండదు గానీ, ఎరువుల కొట్టువాడి మాట కంటే నయం.

శనివారం ఉదయం ఆరున్నరకి రావులపాలెం వెళ్ళే బస్సెక్కాను. ఆడవాళ్ళకి ఉచితమయ్యాక టికెట్ చింత పోయి సీటు చింత పట్టుకుంది. ఎలాగో కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుంటే లోపల సీసాలు గలగలలాడాయి. కండక్టరు ఆగిపోయాడు.

"ఏంటండీ అది, యాసిడా?"

"మట్టి పరీక్ష మందులండి. మీ ఇంట్లో బాత్రూం కడిగేదానికంటే సాధువే."

పక్క సీటులో అరటి గెలల వ్యాపారం చేసే పెద్దాయన ఉన్నారు. మార్కెట్‌కి వెళ్తున్నారట. "అంటే మట్టికి షుగర్ టెస్టన్నమాట" అన్నారు. అలాంటిదేనండి అన్నాను. కాసేపు ఆలోచించి, "పరగడుపునే తియ్యాలాండి?" అని అడిగారు. ఎరువు వెయ్యకముందే తియ్యాలని చెప్పాను. ఇంత చక్కటి ప్రశ్న మా క్లాసులో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆయన రావులపాలెంలో దిగుతూ రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టి వెళ్ళారు.

అక్కడ బస్సు మారి, సిద్ధాంతం వంతెన మీద గోదావరి దాటి, తొమ్మిది దాటాక పాలకొల్లు చేరాను. క్షీరారామ గోపురానికి బస్టాండు నుంచే దణ్ణం పెట్టుకుని పెసరట్టు ఉప్మా తిన్నాను. మీరు ఈ దారిన వెళ్తే ఉప్మా సగమే పెట్టమనండి, లేకపోతే నరసాపురం దాకా నిద్రే. నేను అలాగే నిద్రపోయి, నరసాపురంలో కండక్టరు లేపితే దిగాను. అక్కడి నుంచి మొగల్తూరు వైపు షేర్ ఆటో. ఒక చేను, ఒక చెరువు, మళ్ళీ చేను, ఆ తర్వాత వరసగా చెరువులే. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు గిర్రున తిరుగుతున్నాయి. ఆటో అబ్బాయిని ఇవన్నీ ఒకప్పుడు చేలేనా అని అడిగితే, "మా స్కూలు గ్రౌండొక్కటే మిగిలిందండి" అన్నాడు.

మధ్యాహ్నం భోజనంలో అక్క రొయ్యల వేపుడు పెట్టింది. రొయ్యల చెరువులకి వ్యతిరేకంగా పోరాడటానికి వచ్చినదాన్ని రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. బావ అది గమనించి, "చూశావా మరదలా, లోకానికి కావాల్సింది అదీ" అన్నాడు. రాంబాబు బావ మాటకారి. ఆయనతో వాదనకి దిగి నెగ్గినవాళ్ళని నేను చూడలేదు.

భోజనాలయ్యాక అసలు తంతు మొదలైంది. వరండాలో బల్ల వేశారు. మరదలు రాజమండ్రి నుంచి మట్టి చూడటానికి వచ్చిందని తెలిసి వీధి సగం పోగైంది. బావ లోపలికి వెళ్ళి స్టీలు పళ్ళెంలో మట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. జల్లెడ పట్టిన మట్టి, మెత్తగా, నల్లగా, పెళ్ళివారికి పెట్టే సున్నిపిండిలా ఉంది. బావ పక్క చేను సత్తిబాబు గారిది. ఆయనా ఒక పళ్ళెంతో వచ్చి వరసలో నిలబడ్డారు.

చుక్కలు వేశాను. నత్రజని సీసా మందారం రంగుకి తిరిగింది. భాస్వరం సీసా ఇంకు బుడ్డి అయింది. ఉప్పు పెన్ను పెద్దగా పలకలేదు. "చేను బంగారం" అని అందరికీ వినబడేలా ప్రకటించాను. అక్క ముఖం వెలిగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు, "మీ మట్టి అంటే మాటలాండి రాంబాబు గారూ" అన్నారు. బావ మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. చేను చచ్చిపోయిందని పొక్లెయిన్ పిలిపించిన మనిషి, అది బతికుందంటే ఇంత మురిసిపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

పళ్ళెంలో వేలు పెట్టి చూశాను. ఒక గుమ్మడి గింజ, కాసిని పేడ పీచులు తగిలాయి.

"బావా, ఇది చేలో మట్టేనా?"

"మన మట్టేలే."

"ఎక్కడి మన మట్టి?"

అక్క అందుకుంది. "పశువుల పాక పక్కన గుమ్మడి పాదు కిందిదే అది! పొద్దున్న మీ బావ తవ్వుతుంటే పాదుకి మట్టి ఎగదోస్తున్నాడు గావాలనుకున్నాను."

బావ కాస్త తడబడ్డాడు. "మరి పదిమందిలో పెట్టేదాయె. రాజమండ్రి నుంచి మరదలొస్తే ఎండిపోయి చిట్లిన మట్టి పళ్ళెంలో పెట్టమంటావా? ఏమనుకుంటారు?" నేను సత్తిబాబు గారి వైపు చూశాను. ఆయన పళ్ళెం మెల్లగా వెనక్కి దాచుకుని, "మాదీ పాదు కిందిదేనండి" అన్నారు. చెరువు తవ్వాలంటే చెత్త మట్టి చూపిస్తే సరిపోయేది. బావ చేతులు అందుకు ఒప్పుకోలేదు. గోదావరి మర్యాద ముందు నిలబడే పరీక్ష లేదని ఆ రోజు తెలిసింది. నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

ఎండ చల్లబడ్డాక అక్కనీ బావనీ సత్తిబాబు గారినీ చేలోకి నడిపించాను. చేనుకి ఒక పక్క భీమవరంలో ఉండే ఆసామి రొయ్యల చెరువు, రెండో పక్క సత్తిబాబు గారి చేను. చెరువు వైపు నుంచి మొదలుపెట్టి, కోసిన వరి దుబ్బుల మధ్య వంకరటింకరగా నడుస్తూ, జానెడు లోతు గుంటలు తీయించి, చెరువు వైపు మట్టి ఒకటిగా, నడుమది ఒకటిగా, అవతలి వైపుది ఒకటిగా కలిపించాను. రాత్రంతా ఫ్యాను కింద పేపర్ల మీద ఆరబెట్టాం. నడవడానికి చోటులేక బావ మంచం వరండాలోకి మారింది.

ఆదివారం ఉదయం మళ్ళీ అదే బల్ల, అదే జనం. మూడింటిలోనూ నత్రజని గులాబీ వెలిసిపోయినట్టుంది. భాస్వరం సరిపడా ఉంది, పొటాష్ ఫర్వాలేదు. ఉప్పు పెన్ను మాత్రం వేరే కథ చెప్పింది. సత్తిబాబు గారి వైపు మట్టిలో నిమ్మళంగా ఉంది, నడుమ కొంచెం లేచింది, చెరువు వైపు మట్టి నీళ్ళలో పెట్టగానే అంకె ఎగిరి కూర్చుంది. రెండోసారీ చూశాను, అంతే.

"బావా, చేను చావలేదు. చెరువులోంచి ఉప్పు ఊరుతోంది. వాళ్ళు గట్టు పక్కన ఊట నీళ్ళు పోయే బోదె వదల్లేదు. బోదె తవ్వించి, తొలకరికి మంచినీళ్ళు పెట్టి రెండుమూడుసార్లు కడిగించు, పచ్చిరొట్ట పైరు వేసి దున్నించు. చేను నిలబడుతుంది."

సత్తిబాబు గారు గొంతు సవరించుకున్నారు. మెత్తటి మనిషి, బావ కంటే చిన్నవాడు.

"రాంబాబు గారూ, రేపు మీరూ చెరువు తవ్వితే, మీ గట్టు పక్కది నా చేను కదండీ."

బావతో వాదనకి దిగి నెగ్గిన మనిషిని మొదటిసారి చూశాను. బావ బల్ల మీది సీసాల వంక చూశాడు, వీధి వంక చూశాడు, చివరికి ఫోన్ తీసి పొక్లెయిన్ అతనికి అందరి ముందే చెప్పాడు. "రేపు రావయ్యా. చెరువు కాదు, బోదె. ఆ, బోదే. ఎక్కువ మాట్లాడకు." అక్క లోపలికి వెళ్ళిపోయింది. కాఫీ పెడుతుందనుకున్నాను, వెళ్ళి చూస్తే గోడకి ఆనుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

భోజనం చేసి రెండింటికి బయలుదేరాను. బావ బండి మీద నరసాపురం దాకా దింపాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "మరదలా, ఆ పెన్ను సంగతి నువ్వు పదిమందిలో కాకుండా నా చెవిలో చెప్పి ఉంటే, రేపు చెరువే తవ్వించేవాణ్ణి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అబద్ధం కాదు.

పాలకొల్లు దాటేదాకా ఆ మాటే నెమరువేసుకున్నాను. రంగులూ అంకెలూ చూసి బావ మారతాడని డబ్బా మోసుకుంటూ వెళ్ళినదాన్ని. ఆయన్ని మార్చింది సత్తిబాబు గారి ముఖం. మీలో ఎవరైనా ఇలాంటి పెట్టె పట్టుకుని డెల్టాలోకి వెళ్తే మట్టిని మీరే స్వయంగా తీయండి, పళ్ళెంలో వచ్చినదాన్ని నమ్మకండి. ఫలితం మాత్రం ఆసామికి ఒంటరిగా చెప్పకండి. పక్క చేనువాణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టండి.