పసుపుపచ్చ హెచ్చరికలను వదలని నాగమణి

హిందూపురంలోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నాగమణి చాదస్తం చూసి నవ్వుకోని వాళ్లు లేరు. ఆ నవ్వేవాళ్లలో నేనే ముందుండేవాణ్ణి. రోజూ ధర్మవరం నుంచి రైల్లో వస్తుంది. పెనుకొండ దాటేలోపే లాప్‌టాప్ తెరిచి, మా పీహెచ్‌పీ కోడును తనిఖీ చేసే ప్రోగ్రాము ఏమేం పట్టుకుందో చదివేస్తుంది. ఎర్రగా వచ్చేవి తప్పులు, వాటిని అందరం చూస్తాం. పసుపుపచ్చగా వచ్చేవి ఉత్త హెచ్చరికలు. వాటి మొహం చూసేది ఆమె ఒక్కతే.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న నాగేశ్వరయ్యగారికి వెబ్‌సైటు చేశాం. పెళ్లిచీరకు ఆర్డరిచ్చిన వాళ్లకు, ఏ రోజు వచ్చి తీసుకోవాలో మెసేజ్ వెళ్లాలి. ఆయన గట్టిగా చెప్పింది ఒక్కటే, ఆ రోజు అమావాస్య కాకూడదని. అమావాస్యనాడు పెళ్లిచీర ఎవరు ఇంటికి తెచ్చుకుంటారు? ఒక్క పెళ్లివారికి ఆ తేదీ వెళ్లినా అంగడి పరువు బజారున పడుతుంది.

మెసేజ్‌లు మొదలవ్వాల్సిన రోజు పొద్దున, నాగమణి వస్తూనే వాటిని ఆపమంది. మా హెడ్ కిషోర్‌కు ఒళ్లు మండింది.

"పసుపుపచ్చదానికి యాడన్నా పని ఆపుతారా? అంతా బాగానే నడుస్తాండాది కదమ్మా."

"నడుస్తాండాది సార్, తప్పుగా నడుస్తాండాది. అమావాస్య పడితే మరుసటి రోజు తేదీ ఇయ్యమని కోడులో ఉండే ఫంక్షన్‌ను అడుగుతాండాము. అది ఇస్తాండాది. మనమే దాన్ని తీసుకోకుండా పాత తేదీనే పంపుతాండాము. ఇచ్చింది తీసుకోవల్ల కద సార్."

కిషోర్ నమ్మలేదు. ఒక పాత ఆర్డరు పెట్టి నడిపి చూశాడు. మెసేజ్‌లో అమావాస్య తేదీయే కనిపించింది. లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కోడులో ఆ ఒక్క వరుస సరిచేసి, మిగిలిన హెచ్చరికలు కూడా చూసిగానీ లేవలేదు.

నాగమణి వాళ్ల నాయన నేతపని చేస్తాడు. పోగు తెగితే మగ్గం ఆపి, అతికాకే ముందుకు పోతాడట. ఆ ఓపిక ఈమెకు ఇంట్లోనే అబ్బింది. నిజం చెప్పాలంటే ఆమెను చూస్తే నాకు అసూయ, అంతకంటే ఎక్కువ గౌరవం.

అమావాస్య రానే వచ్చింది. మధ్యాహ్నం నాగేశ్వరయ్యగారు ఫోన్ చేశారు. కిషోర్ స్పీకర్ పెట్టాడు.

"ఏమప్పా, ఈపొద్దు అంగట్లోకి పెళ్లివాళ్లు ఒక్కరూ రాలేదు. శానా సంతోషం. ఎవురు చేసినారో గానీ వాళ్లు చల్లగుండల్ల."

కిషోర్ ఫోన్ తెచ్చి నాగమణికి ఇవ్వబోయాడు.

"మీరే మాట్లాడండి సార్" అందామె, తల వంచుకుని.

"ఇచ్చింది తీసుకోవల్లని నువ్వే చెప్తివి కదమ్మా" అన్నాడు కిషోర్.

నాగమణి రెండు చేతులా ఫోన్ అందుకుంది.