జింకల వంతు

మన్సూరాబాద్‌లో మా ఇంటిపక్క ఖాళీ స్థలం అండాలమ్మది. అందులో సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. పాములు మా పెరట్లోకి వస్తుంటే నేను ఊరుకుంటానా? గోడ మీంచి దులిపేసేదాన్ని.

"కొట్టించండి అండాలమ్మగారూ! ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"జర ఓపిక పట్టు బిడ్డా. గది మాది కాదు, జింకలది," అనేది ఆ ముసలావిడ. నాకు ఒళ్ళు మండిపోయేది.

తర్వాత తెలిసింది. హైవే అవతలి జింకల పార్కు ఒకప్పుడు నవాబుల వేట అడవి. ఆమె మామ గోపయ్య షికారుకు జింకల్ని తోలే కూలి. అడవి లోపలి నుంచి చేతులు నోటికి గుండ్రంగా పెట్టి "హో... హోయ్!" అని కేకేస్తే మంద తుపాకుల ముందుకు ఉరికేది. తప్పించుకున్నవి వీళ్ళ చెలక చేనులో పడేవి. తోలిన పాపం పోవాలని గోపయ్య ఒక అంచున పెసర కోయకుండా జింకలకే వదిలేవాడు. నవాబులు పోయారు, షికార్లు ఆగాయి, ఆ వంతు మాత్రం ఆగలేదు. అండాలమ్మ కాపురానికొచ్చాక తెల్లవారేసరికి నల్ల ఇర్రిపోతు, ఆ మగజింక వెనక ఆడజింకలు వచ్చి మేసి వెళ్ళేవట.

"నా పెనిమిటి మొకం కంటె గా ఇర్రి మొకమే ఎక్కువ సూసిన," అని నవ్వేది.

తర్వాత రోడ్డు వెడల్పయింది. షెడ్లు, కాలనీలు, పార్కు చుట్టూ గోడ వచ్చాయి. లోపల చెట్లు పెరిగి అడవి చిక్కబడింది. నలుదిక్కులా చూపు పారే బయలు లేనిదే కృష్ణజింకలు నిలవవు. అవి ఎక్కడో లోపల మిగిలిన బయళ్ళకు జరిగిపోయాయి. చెలకంతా ప్లాట్లయింది. మా పక్కనున్న ఆ అంచును మాత్రం ఆమె అమ్మనివ్వలేదు, కట్టనివ్వలేదు. కొడుకు గజేందర్ ఆటో నడుపుతాడు. పెళ్ళాం పిల్లలతో ఒక్క గదిలో ఇరుక్కుని ఉండేవాడు.

"ఏ జింకొస్తదే అమ్మా? లారీ కింద పడనీకి ఒస్తదా?"

"బండ్లాగితె ఒస్తయిరా."

రెండువేల పదకొండులో బండ్లు నిజంగానే ఆగాయి. తెలంగాణ కోసం రోడ్ల మీదే వండుకుని తినాలని పిలుపొచ్చింది. హైవే బంద్ అన్నారు. అండాలమ్మ మొహం వెలిగిపోయింది. ఆ పొద్దున ఒక్క జింకైనా రోడ్డు దాటి వస్తే స్థలం జింకలది, రాకపోతే ఇల్లు కట్టుకోమని కొడుక్కి మాటిచ్చేసింది.

తెల్లవారకముందే మా గేటు కొట్టింది. "ఒస్తవా బిడ్డా? ఒక్కదాన్నే పోలేను."

"వేదవతీ, గడప దాటకు. ఆంధ్రావాళ్ళం, ఈరోజు మనకెందుకొచ్చిన గొడవ," అన్నారు మా ఆయన వెంకట్రావు. ఆ రోజుల్లో మాకూ లోపల బెంగే, మమ్మల్ని కూడా పొమ్మంటారేమోనని. అయినా వెళ్ళాను. ముసలామెను ఒంటరిగా ఎలా పంపను?

హైవే నిర్మానుష్యంగా ఉంది. వానలకు పార్కు గోడ కూలిన చోట ముళ్ళకంప అడ్డంగా వేసి ఉంది. ఆమె దాన్ని పక్కకు లాగి, రోడ్డు మీదే నిలబడింది. చాలాసేపటికి చెట్ల మధ్య నుంచి ఇర్రిపోతు వచ్చింది. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలి తిరిగిన కొమ్ములు. వెనక నాలుగైదు ఆడజింకలు. గోడ గండి దాకా వచ్చి ఆగింది. అండాలమ్మ నా చెయ్యి నొక్కి పట్టుకుంది.

"రా నాయినా... రా..."

అది కదల్లేదు. ఆమె ఇంక ఆగలేకపోయింది. చేతులు నోటికి గుండ్రంగా పెట్టి కేకేసింది.

"హో... హోయ్!"

మంద ఒక్కుదుటున వెనక్కి గెంతి చెట్లలో కలిసిపోయింది.

"గదేంది బిడ్డా? మా మామ గిట్లనే కేకేస్తుండెనట. గప్పుడు మా సేనుకే ఉరుకుతుండెనట గదా!"

"ఆయన అడవిలోంచి కేకేసేవాడు కదమ్మా. మనం ఇటువైపున్నాం," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆమె డివైడర్ మీద కూలబడి ఏడ్చింది. "ఒచ్చినదాన్ని నేనే తోలిన. మా ఇంట్ల తోలుడే నేర్పిన్రు బిడ్డా, పిలుసుడు ఎవ్వరు నేర్పలే."

ఈలోగా జనం పొయ్యిరాళ్ళతో, డప్పులతో వచ్చేశారు. పొగ లేచింది. ఎవరో కుర్రాడు మా ముందు విస్తళ్ళేసి కిచిడీ వడ్డిస్తూ, "మీరేడుంటరక్కా?" అని నన్నడిగాడు. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని తలొంచి విస్తరి సర్దుకున్నాను.

అండాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "మా పక్కింటామె. జర ఎక్కువెయ్యి."

ఇచ్చిన మాట ప్రకారం గజేందర్ తుమ్మ కొట్టించి ఇల్లు కట్టాడు. మూడు పక్కలా ప్రహరీ లేచింది. హైవే వైపు మాత్రం ఆమె ఇటుక పెట్టనివ్వలేదు. కొడుకు తిట్టాడు, కోడలు అలిగింది. ససేమిరా అంది. అక్కడ మిగిలిన మూరెడు నేలలో పెసర చల్లింది. ఊళ్ళో ఆవులన్నీ ఆ దారిన దూరి, పెసర తిని, గోడ మీంచి అటు వాలిన మా మల్లెచెట్టునూ నమిలిపోతున్నాయి.

పొద్దున్నే లేచి, ఈరోజు కడిగేస్తానని గోడ దగ్గరికి వెళ్తాను. అండాలమ్మ అప్పటికే పార్కు వైపు తిరిగి కూర్చుని ఉంటుంది, కేక బయటికి రాకుండా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.