‘అనుకున్నాను’ అంటే చాలదన్న మా సారు

పాఠక మహాశయులకు, న్యాయశాస్త్ర విద్యార్థి లోకానికి, ముఖ్యంగా మా కాలేజీ యాజమాన్యానికి సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మాకు క్రిమినల్ చట్టం చెప్పిన సారు పోయిన నెల కన్నుమూశారు. గుండె జబ్బు. నిద్రలోనే పోయారు. ఆయన గురించి నాలుగు మాటలు రాయడానికి బంగారు పతకాలు తెచ్చుకున్నవాళ్లు ఉండగా, ఆయన క్లాసులోంచి అందరికంటే ఎక్కువసార్లు బయటికి పంపిన నన్ను ఎంచుకున్నారు. ఈ ఘోరానికి పూర్తి బాధ్యత నాదే. నిజానికి నాది కాదు, సారు భార్యది. మేమంతా అమ్మ అని పిలిచే ఆమె, “ఆయన్ని నవ్విచ్చినోడు రాస్తెనే మంచిగుంటది. ఏడ్చేటోళ్లు మస్తుమంది ఉన్నరు” అన్నారు.

సారుది పటాన్‌చెరు పక్క పల్లె. వాళ్ల జొన్నచేలు, బావి ఉన్న చోట ఇప్పుడు మందుల ఫ్యాక్టరీ ఉంది. “మా బాయి కాడ బాయిలర్ పెట్టిన్రు” అనేవారు, కోపం లేకుండా. సంగారెడ్డి కోర్టులో చాలా ఏళ్లు ముద్దాయిల తరఫున వాదించి, ఆ తర్వాత మాకు పాఠం చెప్పడానికి వచ్చారు. షేర్ ఆటో ఎక్కేముందు లోపలున్నవాళ్లను “జెర జరుగుతరా బిడ్డా?” అని అడిగి, వాళ్లు జరిగేదాకా రోడ్డు మీదే నిలబడేవారు. డ్రైవరు “ఎక్కు పెద్దమనిషీ, జల్దీ!” అని హారన్ మోగించినా కదిలేవారు కాదు. తన స్కూటరు నీడలో పడుకున్న కుక్కను కూడా, “లేస్తవా, నన్ను నడుసుకుంట పొమ్మంటవా?” అని అడిగేవారు. కుక్క సాధారణంగా రెండోదే కోరుకునేది.

లైంగిక నేరాల్లో అంగీకారం అనే పాఠం చెప్పే రోజు మా వెనక బెంచీలు ముందే నిండిపోయేవి. వెకిలి నవ్వులకు అంతా సిద్ధపడి వచ్చేవాళ్లం. సారు ఆ రోజు పుస్తకం తెరవకుండా తన పాత కేసు ఒకటి చెప్పారు. ఒకే ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. “వద్దనలేదు, ఊరుకుంది. ఒప్పుకుందనుకున్నాను” అన్నది ముద్దాయి మాట. సారు ఆ ‘అనుకున్నాను’ను ఎంత బాగా వాదించారంటే, అతను నిజంగానే అలా నమ్మి ఉండొచ్చని కోర్టుకూ అనిపించింది. కేసు కొట్టేశారు. బయట వరండాలో ఆ అమ్మాయి సారు దగ్గరికి వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు.

“సారూ, నువ్వేమనుకున్నవని అందరు ఆయన్ని అడిగిన్రు. ఆ పిల్లను అడిగినవా అని ఒక్కలన్న అడిగిన్రా?” అంది.

సారు ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయారట. “గెలిచిన కేసులన్నీ అరిగినయి గని, అదొక్కటి అరగలే” అన్నారు మాతో. దాని తర్వాత ఆయన కొత్త కేసులు తీసుకోలేదు.

వెనక బెంచీలవాళ్లు కూడా తలలు వంచుకున్నారు. అలాంటి గంభీర వాతావరణాన్ని నేను భరించలేను. లేచాను.

“అంటే సారూ, ఇగ స్టాంపు పేపరు జేబుల పెట్టుకొని తిరగాల్నా?”

క్లాసు గొల్లుమంది. సారు కూడా నవ్వారు. నవ్వి ఊరుకుంటే బాగుండేది.

“మీ నాయిన ఏం పని చేస్తడు రా?”

“మందుల ఫ్యాక్టరీల, సారూ. పెద్ద ట్యాంకులు ఉంటయి గద, లోపలికి దిగి కడుగుతడు.”

“దిగేముందు ఏం చేస్తడు?”

“మీద నిలబడ్డాయన్ని అడుగుతడు. లోపల గాలి చూసిన్రా, కరెంటు బంద్ చేసిన్రా అని.”

“ఆయన పలకకపోతే?”

“దిగడు.”

“పొద్దుగాల సరే అన్నడు గద. మాపటికి ఊకె దిగొచ్చు గద?”

“లేదు సారూ, మళ్ల అడగాలె. అప్పటికి లోపల ఏమున్నదో ఎవలకెరుక?”

“గిదంతా కాయితం కోసమేనా?”

“కాయితం ఆఫీసోళ్లకు సారూ. అడిగేది పానం కోసం.”

“పానం తనదైతే అడుగుతడు. అవతలి మనిషిదైతే అనుకుంటె సరిపోతదా? కూసో.”

కూర్చున్నాను. ఆ రోజు నన్ను బయటికి పంపలేదు. పంపితే బాగుండుననిపించిన రోజు అదొక్కటే.

చట్టం సారును పూర్తిగా నిరాశపరిచిందని చెప్పలేను. అంగీకారమంటే మాటతోనో సైగతోనో స్పష్టంగా తెలిపిన ఇష్టమని, ఎదురుతిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని దాంట్లో చేర్చారు. పొరపాటుగా నమ్మానని చెప్పుకునేవాడు తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలని కూడా ఉంది. ఆ జాగ్రత్త ఏమిటో మాత్రం ఈ నేరం దగ్గర విడమర్చి చెప్పలేదు. అక్కడ ఒక్క వాక్యం ఉండాలన్నది సారు పట్టు. శిక్షాస్మృతి పేరు మారినప్పుడు చాలా ఆశపడ్డారు. సెక్షన్ల నంబర్లు మారాయి. మేం పాత నంబర్లే రాసి మార్కులు పోగొట్టుకున్నాం. ఆ వాక్యం మాత్రం రాలేదు.

అందుకని తానే రాసి సర్కారుకు పంపాలని కూర్చున్నారు. అప్పటికే గుండె సగమే పనిచేస్తోందని డాక్టర్లు చెప్పారు. ఆ పిల్ల అడిగినదానికి జవాబు ఇవ్వకుండా పోవడం ఆయనకు ఇష్టం లేదు. ఆదివారాలు అమీన్‌పూర్‌లోని తమ ఫ్లాటుకు నన్ను పిలిపించుకునేవారు. నా హోదా: ముద్దాయి వకీలు. సారు వాక్యం రాస్తారు, నేను దానికి బొక్క పెట్టాలి. ప్రతిఫలం, అమ్మ చేసే సర్వపిండి.

నోటితో అడిగి, నోటితోనే జవాబు వినాలని రాశారు.

“మాటలు రానోళ్లు సంసారం చేయొద్దా సారూ?” అన్నాను.

కొట్టేశారు. అడిగానని ముద్దాయే రుజువు చేసుకోవాలని ఇంకోటి రాశారు.

“గదిల ఇద్దరే ఉంటరు. నిజంగ అడిగినోడు సాక్షిని ఏడికెళ్లి తేవాలె? మంచోడు జైలుకు పోతడు.”

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. “మంచోడు జైలుకు పోవద్దు. ఆ పిల్ల మళ్ల కోర్టు వరండాల నిలబడొద్దు. రెండూ అయ్యేటట్టు రాయుండ్రి. లేకుంటె ఇద్దరూ లేవుండ్రి, పిండి సల్లారుతున్నది.”

సారు కలం మూత తీశారు. “ఇన్నేండ్లు ముద్దాయి దిక్కే నిలబడ్డ. ఇప్పుడు మధ్యల నిలబడుమంటె కాళ్లు వణుకుతున్నయి” అని, దాన్నీ కొట్టేశారు. తర్వాత నా వైపు తిరిగి, “చెడగొట్టినవ్ రా. మంచిగ చెడగొట్టినవ్” అన్నారు. ఆయన నుంచి నేను పొందిన ప్రశంస అంతే. పటం కట్టించుకుందామంటే కాగితం మీద లేదు.

రెండోసారి ఆసుపత్రిలో చేరినప్పుడు నర్సు సూది తెచ్చి, “తాతా, ఏ చేతికి ఇయ్యమంటవ్?” అంది. “సూసినవా, అడిగి పొడుస్తున్నది” అని సారు సంబరపడిపోయారు. ఆ మంచం మీదే చివరి వాక్యం చెప్పారు. నేను రాసుకున్నాను. అవతలి మనిషికి ఇష్టమో కాదో తెలుసుకోవడానికి ఆ సమయంలో ముద్దాయి ఏం చేశాడో కోర్టు మొదట చూడాలి; తెలుసుకునే ప్రయత్నమేదీ చేయలేదని ప్రాసిక్యూషన్ రుజువు చేస్తే, ఒప్పుకుందనుకున్నానన్న మాట అతన్ని కాపాడదు.

రుజువు బరువు సర్కారు మీదే ఉంది. ప్రశ్న మాత్రం ఆ పిల్ల తిప్పమన్న వైపు తిరిగింది.

“పెట్టు బొక్క” అన్నారు సారు.

“ఉండే ఉంటది సారూ. నాకు దొరుకుతలేదు.”

“నేను పోయినంక దొరికినా చెప్పు” అని కళ్లు మూసుకున్నారు. మొహం ప్రశాంతంగా ఉంది. నేను హడలిపోయి నర్సును పిలిచాను. “నిద్రపోనియ్యి రా” అన్నారు, కళ్లు తెరవకుండానే.

వాక్యాన్ని పంపించారు. జవాబు రాలేదు. అది చట్టమవుతుందో లేదో నాకు తెలియదు. దాని మీద నేను ధర్నా చేయలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు, సారు పేరున సంఘం పెట్టలేదు. నిజంగా చేసింది ఒక్కటే ఉంది. ఒప్పుకుంటాను.

సారు పోయాక వచ్చిన ఆదివారం అలవాటు కొద్దీ అమీన్‌పూర్ పోయాను. ఫ్లాటు దాకా వెళ్లకుండా చెరువు కట్ట మీద కూర్చున్నాను. తోడుగా నా క్లాస్‌మేట్ వచ్చింది. (ఆమెను అడిగే రాస్తున్నాను. రాసుకో, పేరు మాత్రం వద్దంది.) నా వైపు సాక్ష్యం చాలా బలంగా ఉంది. నా జోకులకు నవ్వుతుంది, బస్సులో నాకు సీటు ఆపుతుంది, ఆ సాయంత్రం నా పక్కనే కూర్చుని సారును తలుచుకుని ఏడ్చింది. ఏ ముద్దాయికీ ఇంత గట్టి నమ్మకం ఉండి ఉండదు.

“చెయ్యి పట్టుకోవచ్చునా?” అని అడిగాను.

ఆమె నా వైపు ఒకసారి, నీళ్ల వైపు ఒకసారి చూసింది.

“వద్దు” అంది.

“సరే” అన్నాను. నా చేతిని నా మోకాలి మీదే పెట్టుకున్నాను.

అవతలి ఒడ్డున కొత్త అపార్ట్‌మెంట్లలో దీపాలు వెలగడం మొదలైంది. మా మధ్య జానెడు చోటు అలాగే ఉంది. ఆమె లేచి వెళ్లిపోలేదు.