తలుపు చెక్క మీద గాజుల గీతలు

ఒక బరువు మోస్తున్నాను. చాలా ఏళ్ళుగా. గుండె మీద ఉండే బరువైతే ఎప్పుడో ఏడ్చి దించుకునేదాన్ని. ఇది నా ఎడమ చేతి మణికట్టు దగ్గర ఉంటుంది. ఎవరైనా నా చేతిపనిని మెచ్చుకుంటే చాలు, కుడిచేయి దానంతట అదే వెళ్ళి ఆ మణికట్టును తడుముతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడు మీకు తెలిసే ఉంటాడు. నాకు వాడు దగ్గరి చుట్టమే.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పగలిగిన మాటైతే ఇన్నాళ్ళు దాచేదాన్నా? పేరు మాత్రం అడగకండి. నల్లగొండలో కార్ల లోపలి చెక్కకు పాలిష్ పెట్టే ఆడమనిషి ఎవరంటే ఎలాగూ ఎవరో ఒకరు మా దుకాణం వైపు వేలు చూపిస్తారు. ఆ పేరు ఎలా వచ్చిందన్నదే నేను చెప్పబోయేది.

మా పుట్టిల్లు పోచంపల్లి. మా బాపు నూలు కట్టేవాడు. అంటే, నూలును రంగులో ముంచే ముందు ఏ చోట రంగు అంటకూడదో ఆ చోటును దారంతో బిగించి కట్టేవాడు. కట్టిన చోటికి రంగు పోదు. గుర్తు పెట్టిన చోటును కాపాడాలన్నది నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఉన్న బుద్ధి. పెళ్ళయి నల్లగొండ వచ్చాక అత్తారి పని నేర్చుకున్నాను. వాళ్ళది తలుపులకు, మంచాలకు పాలిష్ పెట్టే దుకాణం. అక్కడ అంతా తిరగేసి ఉంటుంది. చెక్క మీద మచ్చ గానీ గాటు గానీ కనిపిస్తే దాని చుట్టూ చాక్‌పీసుతో సున్నా చుడతారు. సున్నా చుట్టిన చోట ఉప్పు కాగితంతో ముందుగా రుద్దాలి, గట్టిగా రుద్దాలి. ఈ రెండు పద్ధతులూ నా ఒక్క ఒంట్లో కాపురం చేస్తున్నాయని, ఏదో ఒకనాడు కొట్టుకుంటాయని నేనెప్పుడూ అనుకోలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక వకీలు సారు మా దుకాణానికి కారు తెచ్చారు. కోర్టు పని మానేసిన పెద్దమనిషి. కారు కూడా పెద్దదే, పాతదే. లోపల డ్యాష్‌బోర్డుకూ తలుపులకూ అసలైన టేకు పట్టీలు. మా నల్లగొండ ఎండకు వాటి మీది మెరుపంతా పొక్కిపోయి, పొట్టు రాలుతోంది. మేము అప్పటిదాకా కారు ముట్టలేదు. మా ఆయన వెనకాడుతుంటే నేనే ముందుపడి, కట్టె ఎక్కడున్నా కట్టెనే గదా సార్ అన్నాను. నోటిదురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

సారు నన్ను ఎడమవైపు ముందు తలుపు దగ్గరికి తీసుకెళ్ళారు. కిటికీ కింద పట్టీ మీద సన్నని గీతలు, కోడి కాలితో గీకినట్టు, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"మిగతదంత కొత్త కారు లెక్క చెయ్యి బిడ్డా. గీ ఒక్క జాగ ముట్టకు. మా ఇంటామె గాజుల గీతలివి. నేను తోలుతుంటె భయానికి గీడనే పట్టుకునేది" అన్నారు. 

ఆమె పోయి ఏడాది కూడా కాలేదని తర్వాత మా ఆయన చెప్పాడు.

మరచిపోతానేమోనని, పట్టీలు విప్పిన వెంటనే ఆ గీతల చుట్టూ చాక్‌పీసుతో సున్నా చుట్టాను. నేనే. ఎంత జాగ్రత్త చూడండి. మర్నాడు మా ఆయన ఎవరింట్లోనో తలుపులు చూడ్డానికి పోయాడు. నేనొక్కదాన్నే రేకుల షెడ్డులో కూర్చుని పని మొదలుపెట్టాను. పొద్దున అత్త అన్న ఏదో మాట మనసులో తిరుగుతోంది. దానికి మనసులోనే మంచి జవాబు చెబుతున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గుడ్డతో పొడి తుడిచి చూస్తే చెక్క ఎంత నున్నగా, ఎంత లేతగా తేలిందో. చూసి ముందు మురిసిపోయాను. సున్నా ఏదని ఆ తర్వాత వెతికాను.

సున్నా లేదు. గీతలూ లేవు.

చుట్టింది పోచంపల్లి పిల్ల. రుద్దింది నల్లగొండ కోడలు. ఇద్దరిలో ఎవరిని తిట్టను?

మా ఆయన వచ్చి చూసి తల పట్టుకున్నాడు. పోయి ఉన్న మాట చెప్పేద్దామన్నాడు. అది సరైన మాట. వద్దన్నది నేను. దుకాణం పరువు పోతుందని వాదించాను. మొదటి కారే ఇలా అయితే ఇక ఎవరొస్తారని భయపెట్టాను. నిజంగా నా భయం అదేనా? ఇప్పుడైతే కాదనే అంటాను. ఆ ముసలాయన ముఖం చూస్తూ 'మీ ఇంటావిడను నేను రుద్ది పారేశాను' అని చెప్పగలిగే ధైర్యం నాకు లేదు. ఆయన బాధపడతాడని ఆగానా, నేను చిన్నబోతానని ఆగానా అన్నది ఎంత తవ్వినా విడదీయలేకపోయాను. రెండూ ఒకే బట్టలో పడుగూ పేకా.

ముందు సూదితో గీసి చూశాను. పలక మీద పిల్లలు దిద్దినట్టు వచ్చాయి. రుద్దేశాను. మళ్ళీ గీశాను, మళ్ళీ రుద్దాను. అప్పుడు తట్టింది. అవి గీసిన గీతలు కావు. భయపడిన గీతలు. భయపడకుండా ఎలా వస్తాయి?

అత్తను ఆమె బంగారు గాజులు అడిగాను. కట్టంగూర్‌లో తెలిసినవాళ్ళ పెళ్ళి ఉందని చెప్పాను. అబద్ధానికి తగ్గట్టు పోచంపల్లి పట్టుచీర కట్టుకున్నాను, పూలు పెట్టుకున్నాను. మా ఆయన పట్టీని తిరిగి తలుపుకు బిగించాడు. సారు కారులో, సారును అడగకుండా, ఆయన ఇంటావిడ సీట్లో నేను కూర్చున్నాను.

మా ఆయన చెయ్యి ట్రాక్టరు మీద తిరిగిన చెయ్యి. కారును కూడా దున్నడానికే తెచ్చామన్నట్టు తోలాడు. నేను నటించాల్సిన పనే లేకపోయింది. గుంత వస్తే పట్టీని పట్టుకున్నాను. లారీ ఎదురైతే పట్టుకున్నాను. కట్టంగూర్ దాటి ఊళ్ళ మధ్య దారి పట్టాక ఇక వదిలిందే లేదు. ఒకచోట మేకల మంద అడ్డం వచ్చింది. ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు. నేను అరిచిన అరుపుకు మేకలే భయపడ్డాయి. గాజు చెక్కలోకి దిగి ఒక లోతైన గీత పడింది.

తర్వాత ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ఆపలేకపోయాం. దారిలో టీకి ఆగితే, టీ కొట్టతను నాకు కారు దగ్గరికే గ్లాసు తెచ్చి "టీ తీస్కోండ్రి మేడం" అన్నాడు. ఆయన్ను డ్రైవరనుకున్నాడు. నేను కాదనలేదు. మా ఆయన కూడా బుద్ధిగా పక్కన నిలబడి తాగాడు.

ఇదీ అసలు సంగతి. మీరు ఇప్పటిదాకా విన్నదాన్నే నా తప్పనుకుంటే పొరపాటు. చెక్క రుద్దడం పొరపాటు. గీతలు కల్పించడం మోసం. కానీ రాత్రుళ్ళు నాకు గుర్తొచ్చేది ఆ రెండూ కావు. పెళ్ళయ్యాక మేమిద్దరం అలా పోయిన మొదటి షికారు అది. చచ్చిపోయిన ఒకామె జాగాలో కూర్చుని, ఆమె భయాన్ని నా ఒంటి మీదికి తెచ్చుకోవడానికి పోయి, నా జన్మలో అంత సంతోషంగా ఎన్నడూ లేను. సిగ్గుపడాల్సిన రోజున ఎందుకంత మురిసిపోయాను? ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు రాదేం?

ఇంటికొచ్చి పట్టీ విప్పాను. కొత్త గీతలు తెల్లగా కనిపిస్తున్నాయి. పాత గీతల్లో ఏళ్ళ మురికి ఉంటుంది. కాటుకలో నూనె కలిపి వాటిలోకి పట్టించి తుడిచాను. మీద పల్చగా పాలిష్ పెట్టి ఆరబెట్టాను. ఆరాక చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది. అచ్చం అవే. దొంగపనైనా చెప్పకుండా ఉండలేను. అంత గొప్పగా వచ్చింది.

సారు వచ్చారు. డ్యాష్‌బోర్డు చూడలేదు, మిగతా తలుపులు చూడలేదు. నేరుగా ఎడమ తలుపు తీశారు.

"ముట్టలేదు గదా బిడ్డా?"

"చెయ్యి గూడ వెట్టలే సార్" అన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో నాకే ఆశ్చర్యం.

ఆయన బొటనవేలు గీతల మీద మెల్లగా పాకింది. లోతైన గీత దగ్గర ఆగింది.

"గిది నేను లారీని దాటవోయిన నాటిది" అని నవ్వారు. "ఇంటికి పోయేదాంక నన్ను తిట్టుడే తిట్టుడు."

నా కళ్ళ ముందు మేకలు. ఆయన కళ్ళ ముందు ఆమె. నేను తల ఊపాను. ఇంకేం చేయగలను?

సారు ఊరంతా చెప్పారు. మనసెరిగిన పనివాళ్ళన్నారు. కార్లు రావడం మొదలైంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చాయి, నారాయణపేట నుంచి ఒక చీరల వ్యాపారి తన కారు తెచ్చాడు. తలుపులు, మంచాలు వెనక్కిపోయాయి. కార్ల చెక్కే మా పనయింది. మా మామ చేయించిన పాత బోర్డు తీసి కారు బొమ్మతో కొత్తది పెట్టాం. ఎవరూ పట్టుకోలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చెక్కదొంగను మాత్రం ఎవరు పడతారు?

మొన్న ఎండాకాలం సారు మళ్ళీ వచ్చారు. బాగా వంగిపోయారు. కారు తోలింది డ్రైవరు. ఆయన ఎడమవైపు ముందు సీట్లోంచి దిగారు. పాలిష్ వెలిసింది, మళ్ళీ చేయాలన్నారు. ఆ చోటు సంగతి నేను అడగకముందే తలుపు మీద చెయ్యేసి అన్నారు:

"ఇప్పుడు గీ సీట్ల నేనే కూసుంటున్న. వాడు జర జోరుగ తోలితె నా చెయ్యి గూడ గీడికే పోతాంది. ఆమె ఎందుకు పట్టుకునేదో ఇప్పుడు సమజయింది బిడ్డా."

నాలుక చివరిదాకా వచ్చింది. సార్, ఆ గీతలు ఆమెవి కావు. వచ్చింది, ఆగింది. ఆయన వేళ్ళు ఆ గీతల్లో అంత నెమ్మదిగా ఉంటే వాటిని లేపడం నా వల్ల కాలేదు. ఇది దయా, పాత పిరికితనమేనా? తెలియదు.

ఈసారి సున్నా చుట్టలేదు. మా బాపు కట్టినట్టు, ఆ చోటు మీద గుడ్డ వేసి దారంతో బిగించి కట్టాను. చుట్టూ రుద్దాను, పాలిష్ పెట్టాను, ఆరాక కట్టు విప్పాను. సారు వచ్చి అదే మాట అడిగారు. అదే జవాబు చెప్పాను. ఈసారి అది నిజం.

ఆయనకు చెప్పలేదు. చెప్పను కూడా. నన్ను మన్నించమని మిమ్మల్ని అడగను, మన్నించాల్సింది మీరు కాదు. నాకు కావలసింది వేరే. నా చేత్తో పుట్టిన పనుల్లో దానికి మించినది లేదు. దాన్ని నాదని ఒక్కరికైనా చెప్పుకోవాలని ఇన్నేళ్ళు కొట్టుకులాడాను. ఇదిగో, చెప్పుకున్నాను. మణికట్టు తేలికైంది.

నల్లగొండలో ఒక పాత కారు తిరుగుతోంది. దాని ఎడమ తలుపు మీద కొన్ని గీతలున్నాయి. అవి నావి.